పక్కన కూర్చునే పని

షోరూం షట్టర్ పైకి లేవగానే నా మొదటి పని టీవీలు తుడవడం. గోడ నిండా టీవీలే, పలకంతవి కొన్ని, తలుపంతవి కొన్ని. మెత్తటి గుడ్డతో పైనుంచి కిందికి తుడవాలి, అడ్డంగా తుడిస్తే చారలు పడతాయని మేనేజరు గొడవ. ముందురోజు సాయంత్రం పిల్లలు వేసిన వేలిముద్రలు, ముక్కులు ఆనించిన మరకలు అన్నీ పోయాక, ఇక నిలబడతాను. అమ్మేవాళ్ళకి మా దగ్గర కుర్చీల్లేవు. సోఫాలున్నాయి, అవి కొనేవాళ్ళకి. ఎవరూ రాని మధ్యాహ్నాల్లో కూడా కూర్చోకూడదు, రోడ్డు మీంచి చూసేవాళ్ళకి బేరం లేని కొట్టులా కనిపిస్తుందట. డిగ్రీలో సాహిత్యం చదివి ఇక్కడ తేలాను. ఏ టీవీ ఏ గదికి సరిపోతుందో, ఏది ఎండ పడితే వెలవెలబోతుందో కళ్ళు మూసుకుని చెప్పగలను. ఎవరో పెద్దమనిషి వస్తాడు. నేను చెప్పేదంతా విని, బుద్ధిగా తలూపి, చివర్లో "ఇంతకీ సార్ ఎవరైనా ఉన్నారామ్మా, ఒకసారి మాట్లాడదామని" అంటాడు. సార్ అంటే పక్కన ఫ్రిజ్‌లు అమ్మే ఆయన. ఆయన వచ్చి నేను చెప్పిందే మళ్ళీ చెబుతాడు. అప్పుడది నిజమవుతుంది.

అన్ని టీవీలూ ఒక్కసారే మాట్లాడితే చెవులు చిల్లులు పడతాయి కాబట్టి షోరూంలో అన్నిటికీ గొంతు నొక్కేసి ఉంచుతాం. బొమ్మలు మాత్రం ఆడుతుంటాయి. అడుగున వాళ్ళ మాటలు అక్షరాలై పరుగెడుతుంటాయి. ఆ అక్షరాలను నేనూ చాలాకాలం పట్టించుకోలేదు. ఒకరోజు ఒక జంట వాషింగ్ మెషిన్ దగ్గర ఎంతకీ తేల్చుకోలేక వాదించుకుంటుంటే, వాళ్ళ పాప నా గోడ ముందు నిలబడి పెదవులు కదుపుతోంది. పిల్లల పాట ఏదో వస్తోంది. పాట వినబడదు, అడుగున అక్షరాలు ఒక్కొక్కటే రంగు మారుతుంటే ఆ పిల్ల వాటి వెంటబడి పోతోంది. కొంత చదువుతోంది, కొంత ఊహిస్తోంది, వెనకబడితే మళ్ళీ అందుకుంటోంది. టీవీ అమ్మడం మానేసి ఆ పిల్లనే చూస్తూ ఉండిపోయాను. ఎందుకంటే ఆ వారమే మా గువ్వ వాళ్ళ టీచరు బడి గేటు దగ్గర నన్ను ఆపి ఒక మాట చెప్పింది.

గువ్వ మా అమ్మాయి. అసలు పేరు వేరే ఉంది గానీ పలికేది ఈ పేరుకే. ఒకటో తరగతి. మాటలు ఆలస్యంగా వచ్చాయి, వచ్చిన కాసినీ ఆచితూచి వాడుతుంది. "అక్షరాలు గుర్తుపడుతుందండీ, కలిపి చదవలేకపోతోంది. ఏదైనా అడిగితే నేల చూపులు చూస్తుంది. ఏడాది చివరికి కూడా ఇలాగే ఉంటే మళ్ళీ ఇదే తరగతిలో కూర్చోబెట్టాలి" అంది టీచరు. ఆమె కూడా నాలాగే పొద్దున్నుంచీ నిలబడి ఉన్న మనిషి, గేటుకి ఆనుకుని మాట్లాడింది. ఆ మాట ఇంట్లో చెబితే మా ఆయన, "నువ్వు ఇంటిపట్టున ఉండుంటే ఈ గొడవే లేదు" అన్నారు. అత్తయ్య, "మా పిల్లలకి ఎవరు చెప్పారమ్మా? వాళ్ళంతట వాళ్ళే చదువుకున్నారు" అంది. మా ఆయన అక్కగారు, వదిన, ఫోన్లోనే తీర్పు చెప్పేసింది. "ముందు ఆ టీవీ కట్టేయండి. టీవీ చూస్తే పిల్లలు మొద్దుబారిపోతారు." నేను టీవీలు అమ్మి తెచ్చే జీతంతోనే ఆ పిల్ల బడి ఫీజు కడుతున్నామని ఎవరికీ గుర్తు లేదు. నాకూ ఆ క్షణాన గుర్తు రాలేదు. తప్పు చేసినదానిలా గిన్నెలు తోముతూ విన్నాను.

మర్నాటి సాయంత్రం ఇంటికి రాగానే రిమోట్ తీసుకుని అడుగున అక్షరాలు వచ్చే మీట నొక్కాను. గువ్వ చూసే కార్టూన్‌లో ఒక తాబేలు బస్సు నడుపుతుంది. ఎప్పుడూ ఆలస్యమే. ఎక్కిన జంతువులన్నీ తిట్టుకుంటూనే దిగుతాయి, మర్నాడు మళ్ళీ అదే బస్సెక్కుతాయి. పొయ్యి మీద కూర సన్నటి సెగకి పెట్టి వచ్చి గువ్వ పక్కన కూర్చున్నాను. తాబేలు బస్సు బురదలో దిగబడగానే బొమ్మ ఆపేశాను.

"ఇప్పుడు తాబేలు ఏం చేస్తుందే?"

గువ్వ నా వైపు అనుమానంగా చూసింది. ఇదేదో పరీక్ష అనుకుంది. కాసేపటికి, "దిగిపోతుంది" అంది.

"బస్సు వదిలేసా?"

"ఊ. దానికి కాళ్ళు నొప్పి."

నేను కాళ్ళు చాపుకుని, మడమలు నొక్కుకుంటూ కూర్చుని ఉన్నాను. ఆ పిల్ల ఇంతకాలం మాట్లాడలేదు గానీ, అన్నీ చూస్తూనే ఉందన్నమాట. నాకు నవ్వొచ్చింది. మళ్ళీ మీట నొక్కాను.

అలా రోజూ ఒక అరగంట. ఆపడం, అడగడం, అక్షరాల కింద వేలు పెట్టడం, ముందుకి పోవడం. పాటొస్తే ఇద్దరం గట్టిగా పాడేవాళ్ళం, నా గొంతు ఎలాంటిదో అందరికీ తెలుసు. మలుపు, గతుకులు, చిల్లర, ఇలాంటి మాటలు ఆ బస్సెక్కి మా ఇంట్లోకి దిగాయి. ఒకరోజు ఎలుగుబంటి "నాకు విసుగొస్తోంది" అంది. విసుగంటే ఏమిటని గువ్వ అడిగింది. ఒకే పనిని మళ్ళీ మళ్ళీ చేస్తుంటే, చేస్తున్నావని ఎవరూ చూడకపోతే వచ్చేదని ఏదో చెప్పాను. ఆ రాత్రి భోజనాల దగ్గర అందరికీ వడ్డించి నిలబడి ఉంటే, "అమ్మా, నీకు విసుగా?" అని అడిగింది. అందరూ ఫక్కున నవ్వారు. "ఎక్కణ్ణుంచి పట్టుకొస్తుందో ఈ మాటలు!" అని మా ఆయన మురిసిపోయారు. నేను మాత్రం నవ్వలేకపోయాను, మంచినీళ్ళ వంకతో వంటింట్లోకి పోయాను.

ఆ అరగంట గురించి మాటలు పడుతూనే ఉన్నాను. "పొద్దంతా టీవీల మధ్యే పడి ఉంటావు, ఇంటికొచ్చి మళ్ళీ టీవీనేనా అమ్మాయ్?" అనేది అత్తయ్య. ఆమె కూరలు తరిగిపెడుతుంది, కాదనను. కానీ ఒక్కొక్క ముక్కకీ ఒక్కొక్క నిట్టూర్పు వినబడేలా తరుగుతుంది. మా ఆయన ఎవరితోనో ఫోన్లో, "మా ఆవిడకేమోయ్, హాయిగా కార్టూన్లు చూసుకుంటుంది" అని చెప్పడం విన్నాను. హాయి అనే మాట నన్ను చాలారోజులు పీకింది. ఎందుకంటే అందులో కొంత నిజం ఉంది. రోజు మొత్తం మీద నేను కూర్చునేది ఆ అరగంటే. పిల్ల కోసం కూర్చుంటున్నానా, కాళ్ళ కోసమా అని నన్ను నేనే నిలదీసుకునేదాన్ని. కూర మాడితే దానికోసం లేవాలి, గంట మోగితే తలుపు కోసం లేవాలి, ఆయన కళ్ళజోడు కనబడకపోతే ఆయన కళ్ళెదుటే ఉన్న కళ్ళజోడు కోసం లేవాలి. లేచి వచ్చి మళ్ళీ కూర్చుంటే, ఎక్కడ ఆగామో గువ్వ చెప్పేది. మొదట ఒక్క మాటలో. తర్వాత రెండు మూడు వాక్యాల్లో. కొన్నాళ్ళకి నేను లేచి వెళ్ళిన సంగతి కూడా కలిపి కథ చెప్పడం మొదలుపెట్టింది.

ఒకనాడు రోడ్డు దాటబోతుంటే గువ్వ నా చెయ్యి వెనక్కి లాగింది. ఎదురుగా ఉన్న బోర్డు కేసి చూస్తూ, "ఆ... గం... డి. ఆగండి!" అంది. తాబేలు బస్సు వెనక పరుగెత్తే జంతువులన్నీ అరిచే మాట అది, రోజూ అడుగున పెద్ద అక్షరాలతో వచ్చేది. నేను రోడ్డు మొదట్లోనే ఆ పిల్లను ఎత్తుకుని ముద్దులు పెట్టుకుంటుంటే వెనకవాళ్ళు హారన్లు కొట్టారు. కొట్టుకోనీ అనుకున్నాను.

బడిలో తల్లిదండ్రుల్ని పిలిచిన రోజు మా షోరూంలో డిస్కౌంట్ అమ్మకాలు. సెలవు దొరకలేదు, మా ఆయన వెళ్ళారు. గువ్వ పాఠం కూడబలుక్కుని చదువుతోందని, బొమ్మ చూపిస్తే కథ చెబుతోందని టీచరు పొగిడిందట. ఇంట్లో ఏం చేస్తున్నారండీ అని అడిగిందట. "టీవీ చూపిస్తున్నామండీ అన్నాను. మంచిదే అంది!" అని వచ్చి చెప్పారు. ఆయన మొహం వెలిగిపోతోంది. అరగంటలో వదినకి ఫోన్ వెళ్ళింది, అత్తయ్య పక్కింటికి వెళ్ళి చెప్పి వచ్చింది. మొన్నటిదాకా మొద్దుబార్చిన టీవీ ఆ సాయంత్రానికల్లా మా ఇంటి పంతులమ్మ అయి కూర్చుంది. "ఆ పెట్టెకున్న ఓపిక మనకెక్కడిది!" అంది అత్తయ్య. నేను అక్కడే పళ్ళేలు సర్దుతున్నాను. నేనండీ, ఆ పక్కన కూర్చున్నది నేను, అని నోటిదాకా వచ్చింది. కానీ ఏమని చెప్పుకోవాలి? సొంత పిల్ల పక్కన కూర్చున్నందుకు మెప్పు అడుగుతోందంటారు. మింగేశాను.

ఆయన అక్కడితో ఊరుకోలేదు. అరగంటకే ఇంత వచ్చిందంటే ఎక్కువసేపు చూస్తే ఇంకెంత వస్తుందో అని లెక్క వేశారు. మా షోరూంలోనే, ఉద్యోగులకిచ్చే తగ్గింపు ధరకి, నా చేత్తోనే బిల్లు వేయించి, పెద్ద టీవీ ఒకటి కొన్నారు. పిల్లల పాఠాల చానెళ్ళన్నీ పెట్టించారు. ఆయనది బీమా ఆఫీసు, సాయంత్రాలు ఇంట్లో కూడా ఫోన్లే, చప్పుడు ఉండకూడదని గువ్వకి చెవులమీద పెట్టుకునే హెడ్‌ఫోన్స్ కూడా తెచ్చారు. "ఇక నువ్వు మధ్యలో దూరి ఆపొద్దు. ఒక పద్ధతిలో సాగుతుంటే చెడగొట్టినట్టవుతుంది. హాయిగా వంట చూసుకో" అన్నారు. మళ్ళీ హాయే. ఆయన కావాలని ఏ చెడూ చేయరు. అదే నాకు ఊపిరాడనివ్వదు, తిట్టడానికి కూడా సందు ఉండదు.

గువ్వ ఆ పెద్ద టీవీ ముందు సాయంత్రమంతా కూర్చునేది. వంటింట్లోంచి చూస్తే నాకు దాని వీపు, చెవుల మీద ఆ నల్లటి డొప్పలు కనిపించేవి. ఏం వింటోందో నాకు తెలియదు. ఎక్కడ నవ్వాలో, ఎక్కడ భయపడాలో తెలిసేది కాదు. పాట వస్తే పాడేది కాదు, ఎవరితో పాడుతుంది? వెళ్ళి పక్కన కూర్చోబోతే, "అమ్మాయ్, పొయ్యి మీద పాలు!" అని కేక. ఒకసారి డొప్ప పక్కకి తీసి, "ఏమైందే కథలో?" అని అడిగితే, "ఏమో" అంది. మర్నాడు అడిగితే అదీ అనలేదు. ప్రకటనల్లో వచ్చే సబ్బు పాట మాత్రం గుక్క తిప్పుకోకుండా చెప్పేది. నేను షోరూంలో నిలబడి ఉన్నప్పుడు గొంతు లేని ఆ గోడంతా చూస్తుంటే గువ్వే గుర్తొచ్చేది. ఎవరికో టీవీ చూపిస్తూ, మాట మధ్యలో ఆపేసి, పిల్లలున్నారా ఇంట్లో అని అడిగేదాన్ని. పక్కన ఎవరైనా కూర్చుంటారా అని అడగబోయి నాలుక్కరుచుకునేదాన్ని. అలా అడిగితే టీవీలు అమ్ముడవ్వవు.

ఆ రోజుల్లోనే మేనేజరు నన్ను లోపలికి పిలిచి, టీవీల సెక్షన్‌కి ఇన్‌చార్జిగా ఉంటావా అని అడిగాడు. "కొనేవాళ్ళకి నువ్వు చెప్పినట్టు ఎవరూ చెప్పలేరు" అన్నాడు. వారంలో కొన్ని రోజులు షోరూం మూసేదాకా ఉండాలి. ఆలోచించుకుని చెబుతానన్నాను. ఆలోచించడానికేముంది, నాకు కావాలి. ఒళ్ళంతా కావాలి కావాలి అంటోంది. ఎవరూ సార్‌ను పిలవమని అడగకుండా, నేను చెప్పిందే చివరి మాట అయ్యే చోటు. కానీ ఇంట్లో ఆ వీపు గుర్తొచ్చేది, చెప్పలేకపోయాను.

టీచరు ఈసారి ఇద్దర్నీ రమ్మంది. చిన్న పిల్లల బల్లల మీద మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చున్నాం. "పాప మళ్ళీ వెనక్కి వెళ్తోందండీ. చదవడం సరే, మాటే తగ్గిపోయింది. ఇంట్లో ఏమైనా మారిందా?" అంది.

"మారిందల్లా మంచికేనండీ. పెద్ద టీవీ కొన్నాం. ఇదివరకటి కంటే చాలా ఎక్కువసేపు చూస్తోంది. అన్నీ చదువుకి పనికొచ్చేవే" అన్నారు మా ఆయన.

టీచరు ఆయన్ని చూసి, "ఇదివరకు చూసేటప్పుడు పక్కన ఎవరుండేవారు?" అని అడిగింది.

ఆయన నా వైపు తిరిగారు. పెళ్ళయ్యాక ఇన్నేళ్ళలో ఒక ప్రశ్నకి జవాబు కోసం ఆయన నా వైపు తిరగడం అదే మొదలు. "నేనేనండీ" అన్నాను. బొమ్మ ఆపడం, అడగడం, అక్షరాల కింద వేలు, తాబేలు బస్సు, కాళ్ళ నొప్పి, అన్నీ కలగాపులగంగా చెప్పేశాను. టీచరు మధ్యలో అడ్డు రాలేదు. "అదీ సంగతి. టీవీ మాటలు కుమ్మరిస్తుందండీ, తప్పకుండా పనికొస్తుంది. కానీ పిల్ల తిరిగి ఏమంటుందో అది వినలేదు కదా. మీరు విన్నారు, అందుకే వచ్చాయి మాటలు. మళ్ళీ మొదలుపెట్టండి" అంది.

బడి గేటు నుంచి వీధి మలుపు దాకా నేను గాల్లో నడిచాను. నేను చేసినదాన్ని ఒకరు చూశారు, అదీ ఒక పనేనన్నారు. మలుపు తిరిగాక మా ఆయన గొంతు సవరించుకున్నారు. "అయితే ఇక ఆలోచించడానికేం లేదు. టీచరే చెప్పిందిగా, పిల్ల నీ మాటలతోనే నేర్చుకుంటోందని. ఉద్యోగం మానెయ్. నా జీతంతో ఎలాగోలా నెట్టుకొద్దాం."

ఆ మాట ఆయన ప్రేమగానే అన్నారు, నా భుజమ్మీద చెయ్యి కూడా వేశారు. ఇంటికెళ్ళేసరికి అత్తయ్య కళ్ళొత్తుకుంది. "నేను మొదట్నుంచీ అంటూనే ఉన్నా, తల్లిని మించిన బడి ఏదమ్మా!" ఫోన్లో వదిన, "మరదలా, ఎంత అదృష్టవంతురాలివి!" అంది. నిన్నటిదాకా కార్టూన్లు చూసే సోమరిని, ఇవాళ దేవతనయ్యాను. దేవతల్ని ఎక్కడ కూర్చోబెడతారో, ఇక అక్కణ్ణుంచి ఎలా కదలనివ్వరో నాకు తెలుసు. చేసిన పని ఎవరూ చూడనప్పుడు ఊరికే చేయించుకున్నారు. చూశాక, ఇక అదొక్కటే చెయ్యమంటున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మంటలోనే ఒక సంగతి తట్టింది. ఆపడం, అడగడం, వేలు పెట్టడం, వీటిలో ఏదీ నా కడుపులోంచి పుట్టలేదు. నేను నేర్చుకున్నవే. షోరూంలో ఎవరి పాపో పెదవులు కదుపుతుంటే చూసి, తర్వాత గువ్వ పక్కన కూర్చుని ఒక్కొక్కటే నేర్చుకున్నవి. నేర్చుకున్నది నేర్పించొచ్చు. నా ఉద్యోగమే అది, చేతకానివాళ్ళ చేతిలో రిమోట్ పెట్టి చేతనయ్యేలా చెయ్యడం.

మర్నాడు షట్టర్ లేవగానే, తుడుపుగుడ్డ పట్టుకోకముందే, మేనేజరు దగ్గరకెళ్ళి సరేనన్నాను. సాయంత్రం ఇంటికొచ్చి ఆ సంగతి చెప్పాను. మా ఆయన సోఫాలోంచి లేచి నిలబడ్డారు.

"మరి గువ్వ?"

"నేనున్న రోజుల్లో నేను కూర్చుంటాను. లేని రోజుల్లో మీరు."

"నాకా పిల్లల వ్యవహారం ఏం తెలుసు? అది నీకు సహజంగా వచ్చింది."

"సహజంగా రాలేదండీ. రండి, చూపిస్తాను."

అత్తయ్య వంటింటి గుమ్మంలోకి వచ్చి, "ఆఫీసు నుంచి అలసిపోయి వచ్చిన మగాణ్ణి కార్టూన్ల ముందు కూర్చోబెడతావా?" అంది. నేనూ అలసిపోయే వచ్చానత్తయ్యా అన్నాను. చాలా మామూలుగా అన్నాను. ఆమె తిరిగి పొయ్యి దగ్గరికి వెళ్ళింది. గువ్వ చెవులమీద నుంచి ఆ డొప్పలు తీసి బీరువాలో పెట్టాను. గది నిండా ఒక్కసారిగా బస్సు హారన్, కోతుల గోల. ఆయన్ని గువ్వ పక్కన కూర్చోబెట్టి రిమోట్ చేతికిచ్చాను. ఏ మీట నొక్కితే ఆగుతుందో చూపించాను. తాబేలు బస్సు ఒక సన్నటి వంతెన దగ్గర ఆగింది. ఆయన మీట నొక్కారు. కొంచెం సిగ్గుపడుతూ, నన్ను ఓరగా చూస్తూ, "ఇప్పుడు తాబేలు ఏం చేస్తుందమ్మా?" అని అడిగారు.

గువ్వ వంతెన కేసి చూసింది, నాన్న కేసి చూసింది. పెదవులు విడివడ్డాయి.

"వెనక్కి తిప్పుతుంది కదూ? చెప్పు, బస్సు వెనక్కి తిప్పుతుంది అను" అన్నారు ఆయన.

పెదవులు మూసుకున్నాయి. ఆయన ఇంకోచోట ఆపారు. అడిగారు. ఆ పిల్ల ఊపిరి తీసుకునే లోపలే జవాబు కూడా ఆయనే చెప్పేశారు. మూడోసారీ అంతే. రిమోట్ పక్కన పడేసి, గెలిచినవాడిలా, ఓడినవాడిలా కూడా, నా వైపు తిరిగారు. "చూశావా? నాతో చెప్పదు. నీతో అయితే చెబుతుంది. అందుకే అంటున్నా, ఇది నీవల్లే అవుతుంది."

ఒక్కసారి నాకు అనిపించింది, పోనీ, నేనే కూర్చుంటే అయిపోతుంది కదా అని. కాళ్ళు కూడా అటే లాగాయి. కానీ వంగి, రిమోట్ తీసి, మళ్ళీ ఆయన చేతిలోనే పెట్టాను.

"ఆపడం వచ్చేసింది. అడగడమూ వచ్చింది. ఇక మిగిలింది ఒక్కటే. అడిగాక, అది జవాబు చెప్పేదాకా, మీరు నోరు మూసుకుని కూర్చోవాలి."